ప్రకృతి దృశ్యమా, సీమా? : భూదృశ్య ఛాయాచిత్ర నిర్వచనానికి పల్నాటి సాక్ష్యం

పల్నాడు పేరుతో ప్రచారంలో ఉన్న ఛాయాచిత్రాలలో ముందు వరుసలో ఉండేది ఎత్తిపోతల. నాగార్జునసాగర్ ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఈ జలపాతాన్ని 'ప్రకృతి దృశ్యం' అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలను, మాచర్ల ప్రాంతపు నాపరాతి గనులను, కోటప్పకొండ తిరునాళ్లలో నిలిచిన ప్రభలను చూపే చిత్రాలకు మాత్రం ఆ పేరు దక్కదు. అవి పరిశ్రమ, వృత్తి, జాతర అనే వేరువేరు అరలలోకి వెళ్లిపోతాయి. ఈ వర్గీకరణ ఛాయాచిత్రకళకే పరిమితమై ఉంటే తెలుగు సాహిత్య విమర్శకు దానితో పని ఉండేది కాదు. కాని ఇటువంటి వర్గీకరణే తెలుగు సాహిత్య చరిత్ర రచనలోనూ చాలాకాలంగా కొనసాగుతూ వస్తున్నది. శ్రీనాథుని పేర వ్యాప్తిలో ఉన్న పల్నాటి చాటువులను హాస్యంగా, అధిక్షేపంగా చదివారు గాని, వర్ణనగా చదివినవారు అరుదు. ప్రకృతి వర్ణనకు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు అందరి చేయీ మనుచరిత్రలోని హిమాలయం మీదికే పోతుంది.

ఈ రెండు వర్గీకరణల వెనుక పనిచేస్తున్నది ఒకే భావన అనీ, భూదృశ్య ఛాయాచిత్రం ఏది అన్న చర్చకు 'ప్రకృతి' కన్న 'సీమ' అనే మాట మెరుగైన ఆధారం కాగలదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నిర్వచనం, నిబంధన

పోటీ ప్రదర్శనలకు చిత్రాలు పంపేవారికి నిర్వచనం అనేది చర్చావిషయం కాదు, నిబంధన. ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, అంతర్జాతీయ ఛాయాచిత్ర కళా సమాఖ్య (ఫియాప్), బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి రూపొందించిన 'ప్రకృతి ఛాయాచిత్ర' నిర్వచనం 2015 నుంచి అమలులో ఉంది. ఆ నిర్వచనం మానవశాస్త్రాన్ని, పురాతత్త్వాన్ని పేరు పెట్టి మినహాయిస్తుంది. సాగుచేసిన మొక్కలు, పెంపుడు జంతువులు ఆ విభాగానికి పనికిరావు. ప్రకృతి కథనంలో విడదీయరాని భాగమైతే తప్ప మనిషి జాడ కనిపించరాదు. ఈ షరతులకు లోబడి భూదృశ్యాలు, శిలాస్వరూపాలు, వాతావరణ విశేషాలు ప్రధాన వస్తువులు కావచ్చు. భారతీయ ఛాయాచిత్ర సమాఖ్యకు ఫియాప్‌తో అనుబంధం ఉన్నందున ఈ నిర్వచనం ఇక్కడి పోటీలకూ సంక్రమించింది.

ఇది ప్రకృతి విభాగానికి చేసిన నిర్వచనమే గాని భూదృశ్యానికి చేసినది కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. భూదృశ్యాన్ని సార్వత్రిక విభాగాలకూ పంపవచ్చు. అయితే భూదృశ్యానికి పేరు పెట్టి చోటిచ్చిన విభాగం షరతులే ఆ ప్రక్రియకు ఆదర్శరూపాన్ని నిర్ణయిస్తాయి. తెలుగులో 'ప్రకృతి దృశ్యం' అన్న అనువాదం ఈ పొరపాటును మరింత బలపరచింది. ఆంగ్లంలోని 'ల్యాండ్‌స్కేప్' డచ్చి భాష నుంచి చిత్రకారుల పరిభాషగా వచ్చిన మాట. దాని మూలంలో ఉన్నది నేల, ప్రాంతం. అందులో 'ప్రకృతి' లేదు. తెలుగులోకి వచ్చేటప్పుడు నేల తప్పుకొని ప్రకృతి వచ్చి కూర్చుంది.

మానవశాస్త్రం, పురాతత్త్వం, సాగు అనే మూడింటినీ తొలగిస్తే పల్నాటిలో ఏం మిగులుతుంది? మిరప చేలు, పత్తి చేలు పోతాయి. గొర్రెల మందలు పోతాయి. కారెంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవాలయం, నాగార్జునకొండ పోతాయి. ఎత్తిపోతల మిగులుతుంది.

పాశ్చాత్య ఛాయాచిత్ర చరిత్రలో ఈ ప్రశ్న ఎప్పుడో తలెత్తింది. యోసెమిటీ లోయను, సియెర్రా నెవాడా శిఖరాలను మనిషి అడుగు పడని చోట్లుగా చూపిన ఆన్సెల్ ఆడమ్స్ చిత్రాలు 20వ శతాబ్దంలో భూదృశ్యానికి కొలబద్దలయ్యాయి. ఆ లోయలోని ఆదివాసులను 19వ శతాబ్దం నడుమనే సైనికబలంతో వెళ్లగొట్టారన్న సంగతి ఆ చిత్రాలలో కనిపించదు. ఈ ఆదర్శానికి ఎదురుగా 1975లో రోచెస్టర్ నగరంలోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో విలియం జెంకిన్స్ 'న్యూ టోపోగ్రాఫిక్స్' ప్రదర్శనను ఏర్పాటు చేశాడు. మనిషి మార్చిన భూదృశ్యం అనే మాట ఆ ప్రదర్శన ఉపశీర్షికలోనే ఉంది. రాబర్ట్ ఆడమ్స్, లూయిస్ బాల్ట్జ్, బెర్న్ట్, హిల్లా బెకర్ దంపతులు, స్టీఫెన్ షోర్ తదితరులు గోదాములను, కొత్త ఇళ్ల వరుసలను, గనుల కట్టడాలను ఏ భావావేశమూ లేకుండా చిత్రించారు. ఆ ప్రదర్శన తరువాత భూదృశ్యం నుంచి మనిషిని మినహాయించడం విమర్శలో కష్టమైంది. పోటీల నిబంధనలలో మాత్రం కష్టం కాలేదు. అయితే పల్నాటిని అర్థం చేసుకోవడానికి ఈ రెండవ ధోరణి కూడా పూర్తిగా చాలదు. 'మనిషి మార్చిన' అన్నప్పుడు మారకముందు మనిషి లేని నేల ఒకటి ఉండేదన్న ఊహ అందులో దాగి ఉంది. పల్నాటి చాటువులో ఆ ఊహ లేదు.

చాటువులోని సీమ

పల్నాటిని గురించి శ్రీనాథునికి ఆపాదించే చాటువులలో మూడు ఈ చర్చకు ముఖ్యమైనవి. చాటువుల కర్తృత్వం సంప్రదాయం చెప్పినదే గాని నిర్ధారణ అయినది కాదు. ఈ చర్చకు ఆ నిర్ధారణ అవసరమూ లేదు. మొదటిది పల్నాటి పల్లెలను గురించిన ఆటవెలది. తెలుగు చదివిన ప్రతివారికీ కంఠస్థమైన ఆ పద్యం నిర్మాణాన్ని పరిశీలించినవారు తక్కువ. పద్యమంతా నామవాచకాల వరుస. రాళ్లు, చిన్న దేవుళ్లు, నాగులేటి నీళ్లు, నాపరాయి, సజ్జలు జొన్నల తిండి, పాము, తేలు, చివరికి ఊళ్లు. క్రియ లేదు. ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు. ఉన్న ఒకటి రెండు విశేషణాలూ పరిమాణాన్ని చెప్పేవే. శృంగారనైషధాన్ని తెలుగు చేసిన కవికి అలంకారాలు కరువై ఇలా రాశాడనుకోలేము. చూసినదానిని మరొకదానితో పోల్చడానికి ఒప్పుకోకపోవడమే ఇక్కడి శిల్పం.

అంత్యప్రాస చేసిన పని ఇంకా గమనార్హం. అన్ని మాటలూ ఒకే అక్షరంతో ముగియడం వల్ల దేవునికీ తేలుకూ, తిండికీ రాతికీ ఒకే తూకం వచ్చింది. ఒకటి ప్రధానమై మరొకటి నేపథ్యం కాలేదు. ఛాయాచిత్ర పరిభాషలో చెప్పాలంటే ముందున్నదీ వెనుక ఉన్నదీ సమానంగా స్పష్టంగా పడిన చిత్రమిది. కటకపు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి తీసిన చిత్రంలో గులకరాయి నుంచి దూరపు గోపురం దాకా గీత చెదరకుండా నిలిచినట్లు, ఈ పద్యంలో ఏదీ మసకబారదు. న్యూ టోపోగ్రాఫిక్స్ ఛాయాచిత్రకారులు సాధించదలచిన ఉదాసీనత ఇంతకు భిన్నమైనదేమీ కాదు. అన్నిటికన్న ముఖ్యం, ఇలా చూసినదానికి ఆ పద్యం పెట్టిన పేరు 'సీమ'.

సీమ అంటే ఎల్ల. ఎల్లకు లోబడిన ప్రాంతం కూడా సీమే. ఆ ఎల్లలోపల ఉన్న నీరు, రాయి, పంట, దైవం, పురుగు, మనిషి అన్నీ ఆ మాటలో భాగాలు. పొరుగునున్న తమిళ కావ్యశాస్త్రంలోని తిణై భావనతో దీనికి పోలిక కనిపిస్తుంది. తొల్కాప్పియం ప్రతి భూభాగానికీ స్థలకాలాలను 'ముదల్'గా, అక్కడి దైవం, ఆహారం, మృగం, చెట్టు, పక్షి, వాద్యం, వృత్తులను 'కరు'గా, ఆ నేలకు తగిన మానవభావాన్ని 'ఉరి'గా విభజించింది. చాటువు చెప్పిన జాబితాలో దైవం, ఆహారం, జంతువు, నేల నాలుగూ ఉన్నాయి. శ్రీనాథుడు తిణై సంప్రదాయాన్ని అనుసరించాడని దీని అర్థం కాదు. నేలను చూడడంలో ప్రకృతిని, మనిషిని విడదీయని పద్ధతి దక్షిణదేశానికి కొత్త కాదని మాత్రమే ఈ పోలిక తెలుపుతుంది.

రెండవది కందపద్యం. రసికుడైనవాడు పల్నాటి ముఖం చూడడని మొదలై, అందుకు కారణాలుగా మూడు చిత్రాలను చూపుతుంది. అక్కడ అప్సరస చేతిలో ఏకు ఉంటుంది, రాజు చేతిలో నాగలి ఉంటుంది, మన్మథుని కంచంలో జొన్నన్నం ఉంటుంది. నవ్వు పుట్టించే ఈ పద్యంలో ఒక సిద్ధాంతం ఉంది. రసికుడు రాకపోవడానికి కారణం నేల అందవికారం కాదు, అక్కడ పనిచేయనివారు లేకపోవడం. రంభను చూడడానికి వచ్చినవానికి నూలు వడికే స్త్రీ కనిపిస్తుంది. 1973లో వెలువడిన 'ద కంట్రీ అండ్ ద సిటీ' గ్రంథంలో రేమండ్ విలియమ్స్ భూదృశ్య భావనకు పుట్టుక పరిశీలకుని దూరంలో ఉందనీ, పనిపాటలు సాగే నేల సాధారణంగా దృశ్యం కాలేదనీ వాదించాడు. ఇంగ్లండు జమీందారీ భవనాల కిటికీల నుంచి కనిపించే పచ్చికబయళ్లను ఆధారం చేసుకొని ఆయన చేరిన నిర్ణయం, పల్నాటి చాటువులో శ్రమచేసే రాజుగా, జొన్నన్నం తినే మన్మథుడుగా ముందే ఉంది. తేడా ఒక్కటే. విలియమ్స్ రసికుని పక్షం కాదు. చాటుకవి రసికుని పక్షమే.

ఈ తేడాను దాటవేయడానికి వీలులేదు. ఈ పద్యాలు బయటివాని ఈసడింపు. రాజాస్థానాలలో పెరిగిన నాలుకకు జొన్నన్నం మింగుడుపడకపోవడం వల్ల పుట్టినవి. వీటిని పల్నాటి స్వీయచిత్రంగా తీసుకోవడం అన్యాయం. అయినా ఈసడింపుకు ఒక ప్రయోజనం ఉంది. మెచ్చుకోదలచినవాడు మెచ్చదగినదాన్ని ఏరుకుంటాడు. విసుగెత్తినవాడు ఎదురైనదాన్నల్లా లెక్కపెడతాడు. దాహంతో శివుణ్ణి నిలదీసి, భిక్షమెత్తేవానికి ఇద్దరు భార్యలెందుకు, పార్వతిని ఉంచుకొని గంగను విడిచిపెట్టమన్న మూడవ చాటువులో నీటి కొరత పురాణకథలోకి ఎక్కింది. కరవును చెప్పడానికి బీడునేలను వర్ణించలేదు. నీరు ఎవరి దగ్గర ఆగిపోయిందో చెప్పాడు. సాగర్ కుడి కాలువ వచ్చిన తరువాత ఈ పద్యాన్ని చదివేవారికి అందులోని ప్రశ్న కేవలం చమత్కారంగా తోచదు.

ప్రవరుడు చూసిన కొండ

దండి కావ్యాదర్శంలో చెప్పిన అష్టాదశ వర్ణనలలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం ఉన్నాయి. వాటి పక్కనే వివాహం, పుత్రోదయం, మంత్రాలోచన, దౌత్యం, ప్రయాణం, యుద్ధం కూడా ఉన్నాయి. అంటే సంప్రదాయ కావ్యశాస్త్రం ప్రకృతిని వేరొక గదిలో పెట్టలేదు. 'ప్రకృతి వర్ణన' అనే ప్రత్యేక శీర్షిక ఆధునిక విమర్శలో, ఆంగ్ల కాల్పనిక కవిత్వ పరిచయంతో బలపడింది. కాని సంప్రదాయం జాబితాలోనూ ఒక లోపం ఉంది. అందులో నగరం ఉంది, పల్లె లేదు. ఉద్యానం ఉంది, చేను లేదు. ఆముక్తమాల్యదలో వానాకాలపు పల్లె సంసారాలను, రైతులను అంత దగ్గరగా చూపిన కృష్ణదేవరాయలు ఈ జాబితా హద్దును ఋతువర్ణన పేరుతో దాటవలసి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాటి కవిత్వతత్త్వ విచారంలో ప్రబంధ వర్ణనల మూసను తీవ్రంగా విమర్శించినప్పుడు ఆ విమర్శ వర్ణనలు కథకు ఉపకరించడం లేదన్న దిశలో సాగింది. వర్ణన నేలకు ఉపకరిస్తుందా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

మనుచరిత్రలోని ప్రవరుడు తెలుగు కావ్యాలలో దృశ్యం కోసం బయలుదేరిన యాత్రికుడు. అతనికి హిమాలయంలో పని లేదు. చూడాలన్న కోరిక ఉంది, సిద్ధుడిచ్చిన పాదలేపం ఉంది, సాయంత్రానికి ఇల్లు చేరగలనన్న ధీమా ఉంది. ఈ మూడూ ఉన్నంతసేపే కొండ అతనికి దృశ్యం. మంచుకు లేపం కరిగిపోయి తిరుగుదారి తెలియనప్పుడు అదే కొండ చిక్కుకుపోయిన చోటు అవుతుంది. పెద్దన కథ నడకలో చూపిన ఈ మార్పు భూదృశ్య నిర్వచన చర్చకు ఎంతో విలువైనది. వెళ్లిపోగలిగినవానికే నేల దృశ్యంగా కనిపిస్తుంది. 1863 నుంచి 1870 వరకు భారతదేశంలో పనిచేసిన శామ్యూల్ బోర్న్ కూలీల చేత బరువైన గాజుపలకలను, రసాయనాలను మోయించుకొని మూడుసార్లు హిమాలయ యాత్ర చేసి, అక్కడి కొండలలో స్విట్జర్లాండు సొగసు లేదని ఆంగ్ల పత్రికకు రాశాడు. ఆ బరువు మోసినవారికి ఆ కొండ ఎలా కనిపించిందో అతని చిత్రాలు చెప్పవు.

లోయ, సర్వేక్షణ, నీరు

ప్రకృతి దృశ్యానికి నిర్వివాద ఉదాహరణగా నిలిచే ఎత్తిపోతల వద్దకు ఇప్పుడు మళ్లీ రావచ్చు. ఆ జలపాతం ఏడాది పొడవునా సందర్శకులకు కనిపించడానికి నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి విడిచే నీరు తోడ్పడుతున్నది. దూకే ప్రవాహంలో ప్రధానమైన చంద్రవంక మాచర్ల పట్టణాన్ని ఒరుసుకొని వచ్చిన వాగు. కింది మడుగులో మొసళ్ల పెంపకం ఉంది. కెమెరా తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచి నీటిని పాలనురుగుగా మార్చే అలవాటైన చిత్రంలో ఈ మూడింటికీ చోటు లేదు. నిబంధన ప్రకారం అది మనిషి జాడ లేని ప్రకృతి. వాస్తవంలో అది కాలువ అధికారి, పట్టణం, పర్యాటకశాఖ కలిసి నిలబెడుతున్న జలపాతం. నీటిపారుదల పరిభాషలో 'ఎత్తిపోతల' అనే మాటకు యంత్రాలతో నీటిని పైకి తోడి పోయడమని అర్థం కావడం యాదృచ్ఛికమే అయినా, పేరు చిత్రం కన్న నిజం చెబుతున్నట్లుంది.

ఆ కాలువకు నీరిచ్చిన జలాశయం కింద ఒక లోయ ఉంది. 1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య అక్కడి పురాతన స్తంభాన్ని గమనించి తెలియజేయగా, మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడైన ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు జరిపి, ఛాయాచిత్ర ఫలకాలతో కూడిన నివేదికను భారత పురాతత్త్వ సర్వే గ్రంథమాలలో 54వ సంపుటంగా 1938లో ప్రకటించాడు. 1955 డిసెంబరు 10న సాగర్ శంకుస్థాపన జరిగింది. ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలు మునగబోయే లోయను వీలైనంత నమోదు చేశాయి. ఇక్ష్వాకుల విజయపురితో పాటు పుల్లారెడ్డిగూడెం ఊరూ నీట మునిగింది. కొన్ని కట్టడాలు ద్వీపంగా మారిన కొండ మీదికి, కొన్ని కుడిగట్టున అనుపుకు చేరాయి.

ఈ తవ్వకాల ఛాయాచిత్రాలు భూదృశ్య ఛాయాచిత్రాలు అవుతాయా? పురాతత్త్వ ఛాయాచిత్రానికి పద్ధతులున్నాయి. కొలతకర్ర ఉండాలి, లేదా కొలతకు మనిషి నిలబడాలి. నీడ శాసనాక్షరాన్ని మింగకూడదు. ఆకాశం అందంగా ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. తీసినవాని ఉద్దేశం దృశ్యం కాదు. రోజలిండ్ క్రౌస్ 1982లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఇటువంటి సమస్యనే చర్చించింది. తిమోతీ ఓసలివన్ అమెరికా పశ్చిమ భూభాగ సర్వేక్షణ కోసం తీసిన చిత్రాలు మొదట భూగర్భశాస్త్రజ్ఞుల సొరుగులలో ఉండవలసినవి. మ్యూజియం గోడకు ఎక్కిన తరువాత వాటిని భూదృశ్యాలుగా, ఓసలివన్‌ను కళాకారుడుగా చదవడం చరిత్రను తుడిచివేయడమని ఆమె వాదన. ఈ వాదనను యథాతథంగా అంగీకరిస్తే నాగార్జునకొండ ఫలకాలను భూదృశ్యం అనడం కూడా అదే తప్పు.

కాని క్రౌస్ అభ్యంతరం పేరు మార్చడం మీద కన్న, పేరు మార్చేటప్పుడు జరిగే తొలగింపు మీద ఎక్కువగా ఉంది. గోడ మీదికి ఎక్కేటప్పుడు చిత్రం కింది వివరణ, సంఖ్య, సర్వేక్షణ ప్రయోజనం రాలిపోతాయి. మిగిలేది రాయి, ఆకాశం. అంటే ఆమె వ్యతిరేకించినది 'ప్రకృతి దృశ్యం' అనే అర్థంలోని భూదృశ్యాన్ని. 'సీమ' అనే అర్థంలో నాగార్జునకొండ ఫలకాన్ని చదివితే ఏదీ రాల్చవలసిన పని లేదు. కొలతకర్ర ఉంటుంది, కూలి మనిషి ఉంటాడు, గుంట ఉంటుంది, గుంట వెనుక కొండ ఉంటుంది. కైఫీయతులు ఊరి పుట్టుకను, గుడిని, ఎల్లలను ఒకే కథనంలో చెప్పిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. పైగా ఈ ఫలకాల విషయంలో ఓసలివన్‌కు లేని ఒక విశేషం ఉంది. ఆయన చిత్రించిన శిలలు కొన్నింటిని నేడు వెళ్లి చూడవచ్చు. ఈ లోయను చూడలేము. తవ్వకపు గుంటను చూపడానికి తీసిన చిత్రంలో వెనుక పడిన చెట్టు, బాట, ఉంటే గుడిసె కప్పు, తీసినవాని ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ప్రధానమయ్యాయి. వాటిని పురాతత్త్వం అరలో మాత్రమే ఉంచితే శాసనం కోసం వచ్చే పరిశోధకుడే వాటిని చూస్తాడు. ఊరు పోగొట్టుకున్న కుటుంబాల వారికి ఆ అర తలుపు ఎక్కడుందో తెలియదు. నిర్వచనం వల్ల కలిగే నష్టం పోటీ బహుమతుల లెక్కకు మించినదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

హద్దు ఎక్కడ?

భూదృశ్యాన్ని ఇంత విస్తరిస్తే దాని పరిధిలోకి రానిదంటూ ఉంటుందా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంది. బట్టీ, జాతర, తవ్వకం అన్నీ భూదృశ్యాలైతే ఆ పేరుకు అర్థం ఉండదు. ఇక్కడ ఒక పరీక్షను ప్రతిపాదించవచ్చు. చిత్రంలో ఉన్న వస్తువులు అక్కడ, ఆ రూపంలో ఉండడానికి కారణం నేలే అయి, ఆ కారణం చిత్రంలో కనిపిస్తే అది భూదృశ్యం. నేలను మార్చినా చిత్రం అర్థం మారకపోతే అది మరొకటి.

ఈ పరీక్షకు పిడుగురాళ్ల బట్టీ నిలుస్తుంది. కింద సున్నపురాయి లేకపోతే పైన పొగ లేదు. అయితే బట్టీ కార్మికుని ముఖాన్ని దగ్గరగా తీసిన చిత్రం, ఎంత గొప్పదైనా, భూదృశ్యం కాదు. కోటప్పకొండ వద్ద ఒక్క ప్రభ అలంకారాన్ని చూపిన చిత్రం జాతర చిత్రమే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు వచ్చే బాటలు, నడుమ చేలు, వాటిని తనవైపు లాగుతున్న మూడు శిఖరాల కొండ ఒకే చట్రంలో ఉంటే అది భూదృశ్యం. ఎత్తిపోతల ముందు నిలబెట్టి తీసే పెళ్లికి ముందరి చిత్రాలలో ప్రకృతికి కొదవ లేదు. కాని ఆ జంట వెనుక మరో జలపాతాన్ని, లేదా స్టూడియో తెరను ఉంచినా నష్టం లేదు కనుక అవి భూదృశ్యాలు కావు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల చిత్రాలు చిక్కు తెస్తాయి. పైనుంచి తీసి ఎరుపును మాత్రమే చూపే చిత్రాలు ఇటీవల విరివిగా వస్తున్నాయి. వాటిలో నేల రంగుగా మారిపోయింది. వాటిని వర్ణచిత్ర సంప్రదాయానికి వదిలివేయడమే మంచిది.

కారెంపూడి ఈ పరీక్షను కష్టపెడుతుంది. పల్నాటి యుద్ధం జరిగిందని చెప్పే నాగులేటి ఒడ్డున చిత్రంలో పడేది మామూలు పొలం. కార్తికంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులపాటు ఉత్సవం జరిగేటప్పుడు అదే నేల కథలోని స్థలమవుతుంది. 1982లో వెలువడిన 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' గ్రంథంలో జీన్ రోఘైర్ మౌఖిక కథను సమగ్రంగా ఆంగ్లంలోకి తెచ్చిన తరువాత, వీరవిద్యావంతుల గానంలో స్థలనామాలకున్న బలం పరిశోధకులకు మరింత స్పష్టమైంది. శ్రీనాథుని చాటువు బయటివాడు చూసిన సీమ అయితే, ఇది లోపలివారు తలచుకునే సీమ. కంటికి కనిపించనిదానిని ఛాయాచిత్రం ఎలా చూపగలదు? రోజర్ ఫెంటన్ 1855లో క్రిమియా యుద్ధభూమిలో ఖాళీ లోయను తీశాడు. అందులో సైనికుడు లేడు, శవం లేదు, ఫిరంగి గుండ్లు ఉన్నాయి. ఆ గుండ్లు బాట మీద ఉన్న చిత్రమొకటి, బాట మీద లేని చిత్రమొకటి దొరకడంతో వాటిని ఎవరు కదిపారన్న వివాదం నేటికీ ఉంది. కారెంపూడి పొలంలో గుండ్లు లేవు. అక్కడ చిత్రానికి శీర్షిక అవసరమవుతుంది. శీర్షిక కావలసి వచ్చిన చిత్రం బలహీనమైనదన్న అభిప్రాయం ఛాయాచిత్ర విమర్శలో ఉన్నా, క్షేత్రమాహాత్మ్యాలు చదివినవారికి అది ఒప్పుకోదగినది కాదు. పేరు లేకుండా క్షేత్రం లేదు.

చిత్రంలో ఉన్నదానితో పాటు కెమెరా నిలిచిన చోటు కూడా నిర్వచనంలో భాగం కావాలి. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ 1941 నాటి గబ్బిలంలో కాళిదాసు మేఘాన్ని పక్కనపెట్టి గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నాడు. మేఘానికి కింది నేల అంతా సమానమే. ఏ గడపా దానికి అడ్డం కాదు. గబ్బిలం ప్రాముఖ్యం వేరు. తనను పంపిన అస్పృశ్యునికి ప్రవేశం లేని గుడిలో అది వేలాడగలదు. ఎక్కడి నుంచి చూస్తున్నారన్నది ఎవరికి అక్కడ నిలిచే హక్కు ఉందన్న దానితో ముడిపడి ఉందని ఆ ఎంపిక తెలియజేస్తుంది. కొండ అంచు నుంచి, ఇప్పుడు డ్రోను ఎత్తు నుంచి తీసే పల్నాటి చిత్రాలు మేఘం చూపులు. ఊరికి ఎగువన, దిగువన ఉన్న వాడల మధ్య దూరం ఆ ఎత్తు నుంచి కప్పుల వరుసలో ఒక ఖాళీగా మాత్రమే కనిపిస్తుంది.

చివరగా సాగర్ జలాశయపు చిత్రం. నాగార్జునకొండ ద్వీపానికి వెళ్లే పడవ మీది నుంచి తీసే ఆ చిత్రంలో నీలపు నీరు, అంచున నల్లమల వరుస, పైన మబ్బు ఉంటాయి. మనిషి లేడు, కట్టడం కనిపించదు. పోటీ నిబంధన దానిని సులువుగా ఆమోదిస్తుంది. పైన ప్రతిపాదించిన పరీక్ష దానిని ఆమోదించదు. ఎందుకంటే ఆ నీరు అక్కడ ఉండడానికి కారణమైన ఆనకట్ట గాని, ఆ నీరు కప్పిన నేల గాని చిత్రంలో లేవు. అయితే అదే చిత్రాన్ని లాంగ్‌హర్స్ట్ సంపుటంలోని లోయ ఫలకం పక్కన, కింద పుల్లారెడ్డిగూడెం పేరుతో ముద్రిస్తే పరీక్ష ఫలితం మారుతుంది. ఒక్క చిత్రం కాక రెండు చిత్రాల జత భూదృశ్యం కావడానికి ఇప్పుడున్న నిర్వచనాలలో దేనిలోనూ చోటు లేదు.